తువ్వాలు అంచు

మామా,

నువ్వు బూడిదలో కలిపి దాచిన వంకాయ విత్తనాలు ఈసారి ప్రొద్దుటూరులో మా మిద్దె మీద మొలిచాయి. ఇక్కడ చేను లేదు, ఖాళీ పెయింటు బకెట్లే. మందుల జోలికి పోలేదు. బాగా మాగిన పేడ, వంటింటి తొక్కలు మాత్రమే వేశాను. అయినా మిద్దె వేడికి మొక్కలు మాడిపోయి ఒక్కటే బతికింది. దానికి ఒకే ఒక కాయ దిగింది, నిగనిగలాడుతూ.

ఖాజీపేట చేలో ప్రతిసారీ అన్నిటికన్నా మంచి కాయను నువ్వు విత్తనానికి వదిలేవాడివి. ఎవరూ కోయకుండా నీ తువ్వాలు అంచు చించి దానికి కట్టేవాడివి. "తినేకి శానా కాయలుండాయి, దీని జోలికి రావాకండి" అనేవాడివి. కొత్త కోడలిగా వచ్చిన నాకు అది వింతగా ఉండేది. మంచిదాన్ని తానే ముందు తినని మనిషిని నేను నీలోనే చూశాను. నీ తువ్వాళ్లలో ఒక్కదానికీ సరైన అంచు ఉండేది కాదు.

ఈరోజుకు నువ్వు పోయి ఏడాది. ఆ కాయనే కూర చేసి నీ విస్తరిలో పెడదామని పొద్దున్నే కత్తి తీసుకుని మిద్దె ఎక్కాను. వెనకాలే నీ కొడుకు వచ్చాడు. చేనంటే ఆమడ దూరం పారిపోయిన మనిషి కదా, అలాంటివాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండుమే, కోయాకు. ఇది వండి పెడితే నాయన తిడతాడు. ఇత్తనానికి పెట్టల్ల."

నీ విస్తరిలో బజారు వంకాయే వడ్డించాను, ఏమనుకోకు. నీ కొడుకు భుజం మీది కొత్త తువ్వాలుకు మాత్రం ఇప్పుడు ఒకవైపు అంచు లేదు.

నీ కోడలు