తాతగారి కత్తికి కొత్త పిడి

గణపవరం, 1936. బుధవారం రాత్రి.

ఎట్టకేలకు తాతగారి మంగలికత్తి పని పూర్తయింది. చింతపండుతో తుప్పు వదిలించాను. విరిగిన పిడి తీసేసి, గేదెకొమ్మును వేడినీళ్లలో నానబెట్టి, రెండు పలకలుగా కోసి, ఆకురాయితో అరగదీసి, ఇత్తడి మేకులతో బిగించాను. ఆ కొమ్ము కంపుకు సుభద్ర రెండు పూటలు అన్నం మానేసింది. గడ్డం గీసుకుంటే దీంతోనే గీసుకోవాలని ఇరవై రోజులుగా ఆగాను. ఎప్పుడూ వచ్చి గీసే అప్పన్నను ఇక మా ఇంటికి రానక్కర్లేదన్నాను.

ఈ ఉదయం అద్దం ముందు కూర్చుని సబ్బు రాసుకుంటుంటే అమ్మ వచ్చి చేయి పట్టుకుంది.

"అదేవిట్రా? పెళ్లాం కడుపుతో ఉందని నువ్వే గడ్డం పెంచుతున్నావనుకుని వీధంతా మెచ్చుకుంటోంది. ఆరో నెల వచ్చేసింది. పురుడయ్యేదాకా నీ గడ్డానికి కత్తి తగలకూడదు."

సబ్బు కడిగేసుకున్నాను.

సాయంత్రం అప్పన్న వచ్చాడు. నేను రావద్దన్న మాట ఎత్తలేదు. కత్తి చేతిలోకి తీసుకుని పిడి నిమిరాడు.

"బాగా కుదిరిందండి మేష్టారూ. ఊరికే పెడితే మళ్లీ తుప్పు పట్టేస్తదండి. మీకు బిడ్డ పుట్టేదాకా నేను వాడుతుంటాను లెండి."

కుదరదందామని నోరు తెరిచాను. సుభద్రకు ఇది తొలికాన్పు. పురుడు పోయవలసింది అప్పన్న భార్యే. సరే, తీసుకెళ్లమన్నాను.

రేపటి నుంచి ఈ ఊళ్లో నా కత్తి తగలని గడ్డం నాదొక్కటే.