జనవరి బోర్డుకి మే నెల ఒళ్ళు

మే 14

ఇవాళ ముప్పై ఒక్క ఇళ్ళకి తాళం వేశాను. మిషన్‌లో. ఇంటివాళ్ళు లోపలే ఉన్నారు, టీవీలు వినిపిస్తున్నాయి. నేను మాత్రం డోర్ లాక్ అని నొక్కేసి పక్కింటికి పోయాను. ఆ వీధిలో కరెంటు మీటర్లన్నీ నా తల కంటే మూరెడు ఎత్తులో బిగించి చచ్చారు. బిల్లింగ్ మిషన్ మీటరు దాకా ఎత్తి పట్టుకోవాలి. నా చేతులు భుజం దాటి లేవడం మానేసి రెండు నెలలయింది. మొదటి రెండిళ్ళలో స్టూలు అడిగాను. కిందా మీదా పడి ఎక్కాను. మూడో ఇంటికి తొడలు మొరాయించాయి. అక్కడి నుంచి అందరికీ తాళాలే.

మొదటి ఇంటావిడ నా మొహంలోకి వంగి చూసింది. కళ్ళకి పెట్టుకున్న ఆ వంకాయరంగు షేడ్ ఏ కంపెనీది, ఇంత చెమటకి కూడా చెదరలేదే అని అడిగింది. రోగం కంపెనీది అందామని నోటిదాకా వచ్చింది. బిల్లు చేతిలో పెట్టి వచ్చేశాను.

మీటరమ్మా, మీటరమ్మా అని పద్నాలుగేళ్ళుగా పిలుస్తున్న వీధి అది. సిగ్గుగా ఉంది. సిగ్గు కంటే మంటగా ఉంది.

మే 16

మెమో.

మే 17

మా సెక్షన్ ఆఫీసర్‌కి మేం పెట్టుకున్న పేరు ఫార్వర్డ్ సారు. ఏ కాగితం ఇచ్చినా ఫార్వర్డెడ్ అని రాసి పైకి తోసేస్తాడు. అక్కడితో ఆయన ఉద్యోగం అయిపోతుంది. ఒకే వీధిలో ముప్పై ఒక్క కుటుంబాలూ కూడబలుక్కుని ఊరెళ్ళాయా అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చేతులెత్తి చూపించబోతే సగంలో ఆగిపోయాయి. ఆయన చూడలేదు. ఫోన్ చూసుకుంటున్నాడు.

ఒంట్లో బాగోకపోతే దానికో పద్ధతి ఉందట. అప్లికేషన్ పెట్టుకుంటే మెడికల్ బోర్డు పిలుస్తుందట. ఫీల్డుకి పనికిరానని వాళ్ళు రాస్తే ఆఫీసులో బిల్లుల కౌంటర్ ఇస్తారట. పనికొస్తానని రాస్తే మళ్ళీ ఎండలోకే. వెళ్ళనంటే ఇంటికే. అక్కడే నిలబడి అప్లికేషన్ రాసిచ్చాను.

ఫార్వర్డెడ్.

మే 30

రక్తపరీక్షలో కండ ఎంజైమ్ మూడు వేల నాలుగు వందలు. రెండు వందల లోపు ఉండాలి. డాక్టరమ్మ స్టెరాయిడ్ పెంచింది. ఒంటిని కాపాడాల్సిన కాపలాయే కండ మీదా చర్మం మీదా పడి కొడుతోందని మూడేళ్ళుగా చెబుతోంది, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే. ఎండలో తిరగొద్దంది. నేను చేసే పనేమిటో ఫైల్లో మొదటి పేజీలోనే ఉంది.

మాత్రలకి మొహం ఉబ్బింది. మా అక్క వీడియో కాల్‌లో చూసి, ఒళ్ళు చేశావు, సుఖపడుతున్నావు అని మురిసిపోయింది. ఫోన్ పెట్టేశాను.

జూన్ 21, పొద్దున ఆరుంపావు

జడ మా ఆయనే వేస్తున్నాడు. లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి, జుట్టుని కూడా ఇనుప కడ్డీని పట్టినట్టే పడతాడు. నొప్పికి అరిచాను. అంత అరవకు, ఏటా మార్చిలో ఈ డ్యూటీ ఎక్కి అక్టోబరు దాటాక గానీ దిగను, ఈపాటికి ఆ మాత్రం చేతకాదా అని నవ్వాడు.

తల గిర్రున తిప్పేశాను. వేసిన జడ ఊడిపోయింది. ఇంకోసారి చెప్పమన్నాను.

అదే రోజు, సాయంత్రం

రిపోర్టులన్నీ మంచం మీద పరిచాను. మూడేళ్ళవి. మార్చి నుంచి నెంబరు పైకి, మే నెలలో ఆకాశానికి, నవంబరుకి నేలకి. మూడేళ్ళూ అదే వరస. చలికాలంలో నెంబరు దిగగానే డాక్టరమ్మ తన మందు పనిచేసిందని మాత్రలు తగ్గించేది. మా అక్క తను పంపిన నూనె పనిచేసిందని పొంగిపోయేది. మా ఆయన పొద్దుటి నడక అనేవాడు. నేనైతే ఒంటికి బుద్ధొచ్చిందనుకునేదాన్ని. ఎండ తగ్గింది కదా అని ఒక్కరికీ తట్టలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళకి దొరకనిది దువ్వెనకి దొరికింది.

జూలై 4

తేదీలూ నెంబర్లూ ఒక కాగితం మీద రాసి డాక్టరమ్మ ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. ఈ జబ్బు కొందరిలో కాలాన్ని బట్టి తిరగబెడుతుందని రాసినవాళ్ళున్నారట, అలాంటిదేమీ లేదన్నవాళ్ళూ ఉన్నారట, ఇంకా తేలలేదట. నా ఒంట్లో తేలింది కదా అన్నాను. తలూపింది. ఇది నేనే చూడాల్సింది, పొరపాటు నాదే అంది. తిట్టడానికి ఎన్ని మాటలు మూటగట్టుకుని వెళ్ళానో, అన్నీ వెనక్కి మోసుకొచ్చాను.

బోర్డుకి లెటర్ రాసిచ్చింది. ఈ మనిషికి ఎండాకాలంలో జబ్బు తిరగబెడుతుంది, చలికాలంలో బాగున్నంత మాత్రాన తగ్గినట్టు కాదు అని. రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టాను.

ఆగస్టు 2

మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చాయి.

ఆగస్టు 9

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాను. బోర్డు తేల్చేదాకా సెలవు. గొంతులో ఉండేది కూడా కండేనట. ఇంకోసారి ఇలా వస్తే ఊపిరాడించే కండల దాకా పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. నాకు కాదు, మా ఆయనకి. నేను నిద్ర నటిస్తూ విన్నాను.

నవంబర్ 6

బోర్డు తేదీ వచ్చింది. జనవరి 9.

ఇవాళ నా జడ నేనే వేసుకున్నాను.

నవంబర్ 7

తేదీ మే నెలకి మార్చమని ఫార్వర్డ్ సారుని అడిగాను. నవ్వాడు. అందరూ తొందరగా కానివ్వమంటారు, నువ్వు ముదిరేదాకా ఆగమంటావేంటమ్మా అన్నాడు. బోర్డు ఏడాదికి ఒక్కసారే కూర్చుంటుందట, అదీ జనవరిలోనేనట. డాక్టరమ్మ లెటర్ ఉంది కదా అన్నాను. లెటర్ ఫైల్లో ఉంటుంది, వాళ్ళు చూసేది ఆ రోజు ఎదురుగా నిలబడ్డ మనిషిని అన్నాడు. పోయినేడు ఒక లైన్‌మన్ నడుము నొప్పని వెళ్తే వంగి కాలివేళ్ళు ముట్టుకోమన్నారట. ఖర్మకాలి ఆ రోజు వంగాడు. ఫిట్ అని రాసి పంపేశారట.

బయటికొచ్చి మెట్ల దగ్గర రెండు చేతులూ ఎత్తాను. నిట్టనిలువుగా లేచాయి. జన్మలో ఇంతగా ఒళ్ళు మండలేదు. మే నెలలో చచ్చినా లేవని చేతులు, ఇప్పుడెవరు అడిగారని లేచాయి?

డిసెంబర్ 8, మధ్యాహ్నం పన్నెండున్నర

డాబా మీద ఉన్నాను. ఎండ క్రీమ్ రాసుకోలేదు. జాకెట్టు చేతులు భుజాల దాకా మడిచాను. ఇరవై నిమిషాలు.

డిసెంబర్ 11

ముప్పావుగంట. భోజనానికొచ్చిన మా ఆయన కిందనుంచి పిలిస్తే బట్టలు ఆరేస్తున్నానన్నాను.

డిసెంబర్ 19

రోజూ కూర్చుంటున్నాను. ఏం చేస్తున్నానో నాకు తెలుసు. నీళ్ళు ముక్కులోంచి వచ్చింది నాకే, మర్చిపోలేదు. కానీ బోర్డు ఫిట్ అంటే ఫిబ్రవరిలో బ్యాగు తగిలించుకుని వీధిలోకి దిగాలి, అక్టోబరు దాకా. ఎనిమిది నెలల ఎండ తప్పించుకోవడానికి ఒక నెల ఎండ. ఎన్నిసార్లు ఆలోచించినా ఇదే సబబు అనిపిస్తోంది. అలా అనిపిస్తున్నందుకే కడుపు మండుతోంది. ఉన్న జబ్బుని ఉందని చెబితే నమ్మరట, తెచ్చి బల్ల మీద పెట్టాలట. అందుకే మూడేళ్ళు పీక్కుతిన్నదాన్ని నేనే బొట్టు పెట్టి పిలుస్తున్నాను, రావే తల్లీ అని.

అది కూడా ఫార్వర్డ్ సారు లాంటిదే. కావాల్సినప్పుడు అక్కరకి రాదు.

డిసెంబర్ 27

వేళ్ళ కణుపుల మీద ఎర్రగా పొలుసులు లేచాయి. వచ్చింది.

జనవరి 3

డాక్టరమ్మ నా కనురెప్పలు చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఎంజైమ్ పంతొమ్మిది వందలు. ఇది టైము కాదే అంది. ఎండలో తిరిగారా అని అడిగింది. లేదన్నాను. నా చేతులు పట్టుకుని చూస్తూ మళ్ళీ అడిగింది. లేదన్నాను.

అయితే ఎండాకాలం అనుకున్నది తప్పేమో, మనమే తొందరపడ్డామేమో అంది. నేనిచ్చిన కాగితం ఫైల్లోంచి తీసింది. మూడేళ్ళ నెంబర్ల కింద జనవరి అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. లెటర్ కూడా మార్చి రాసింది. కాలంతో పని లేకుండా ఎప్పుడైనా తిరగబెట్టే జబ్బు అని.

నా మాట నమ్మిన మనిషి లోకంలో ఒక్కతే. ఆమెకి నేనే అబద్ధం చెప్పాను. ఉన్న ఒక్క సాక్ష్యాన్ని నా చేత్తో నేనే పాడు చేసుకున్నాను. ఫార్వర్డ్ సారు మీద కోపం, మొహం కూడా చూడని బోర్డు మీద కోపం, అన్నిటికంటే నా మీద నాకు కోపం. నోరు తెరిచి చెబితే సరిపోయేది. ఇంకో ఆరు రోజులే కదా అనుకున్నాను.

జనవరి 9

రెండు నిమిషాలు. ముగ్గురు డాక్టర్లు. ఒకాయన బిస్కెట్ తింటున్నాడు. చేతులెత్తమన్నారు. లేవలేదు. ఆనుకోకుండా కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేదు. లెటర్ ఎవరూ తెరవలేదు, పాతదీ, కొత్తదీ. బిస్కెట్ ఆయనకి జాలేసింది. ఎప్పటి నుంచి ఇలా ఉంది అని అడిగాడు. ఎప్పుడూ ఇంతేనన్నాను. రాసుకున్నాడు.

ఫీల్డుకి అన్‌ఫిట్.

బయట మా ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గెలిచామని పక్కన కూలబడ్డాను. మళ్ళీ లేపి నిలబెట్టడానికి ఆయన నా చంకల కింద చేతులు పెట్టాల్సి వచ్చింది.

జనవరి 18

ఈ అక్షరాలు మా ఆయనవి. చేయి బల్ల మీదికి ఎక్కట్లేదు, నేను చెబుతుంటే రాస్తున్నాడు. ఆర్డరు వచ్చింది. బిల్లుల కౌంటర్. వెనక పేజీలు తిప్పొద్దన్నాను. తిప్పాడు. డిసెంబరంతా చదివాడు. రేపు డాక్టరమ్మ దగ్గరికి నాతో పాటు ఈ పుస్తకం కూడా వస్తుందట. వద్దన్నాను. తిట్టమన్నాను. కనీసం ఏదో ఒకటి అనమన్నాను. ఆ మాట కూడా రాసి, తర్వాత ఏం రాయాలో చెప్పమని కూర్చున్నాడు.