చివరి పేజీ అడుగున నా పేరు

నా ఇంటి యజమానురాలికి,

ఈ వయసులో నేను ఆశీస్సులు పంపితే పక్కన కూచున్న వదినగారు నవ్వుతారు. అందుకని సగం నువ్వు ఉంచుకుని సగం నాకు తిప్పి పంపు, లెక్క సరిపోతుంది. ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే నేను, అమ్మాయి, నువ్వు వదిలివెళ్లిన పూలకుండీలు. క్షేమం అన్న మాట గురించి కింద ఇంకాస్త రాస్తాను. వదినగారి కాలి కట్టు విప్పారా? విప్పినా నడిపించకు. ఆవిడ నడవడం మొదలుపెడితే ముందు వంటింట్లోకి వెళ్లి నీ వంటకు వంకలు పెడుతుంది.

ఒక హెచ్చరిక. దీంతోపాటు ఈ వారం పత్రిక పంపుతున్నాను. దర్జీ దగ్గర దారం అడిగి తీసుకుని గట్టిగా ముడేసి కట్టాను. కారణం నీకు తెలుసు. లోకమంతా పత్రిక మొదటి పేజీ నుంచి చదివితే నువ్వు చివరి పేజీ అడుగు నుంచి పైకి చదువుకొస్తావు. ఈ ఒక్కసారికి నా మాట విను. ముందు ఉత్తరం, తరవాత ముడి.

పోస్టులో వెయ్యొద్దంది అమ్మాయి. బస్సు డ్రైవరు చేతికిచ్చాను. ఆయన బస్సు మీద ఊళ్ల పేర్లు రాసింది నేనే. ఒక ఊరి పేరు మర్చిపోతే ఆ ఊరివాళ్లు వారంపాటు బస్సెక్కలేదని ఇప్పటికీ దెప్పుతాడు.

ఫోన్లో ఎందుకు చెప్పలేదంటావా? మన ఫోన్లో మూడో మనిషి ఉన్నాడట. మనం మాట్లాడేదంతా వింటాడట. మొదట భయమేసింది గానీ తరవాత వాడి మీద జాలేసింది. నా అరగని కడుపు సంగతి, వదినగారి మోకాళ్ల సంగతి, కుండీలకు నీళ్లు పొద్దున పొయ్యాలా సాయంత్రం పొయ్యాలా అన్న మన పోట్లాట, అన్నీ విని రాసుకుని పైవాళ్లకు చెప్పాలి కదా. వాడికీ ఒక పెళ్లాం ఉండే ఉంటుంది. ఇంటికెళ్లి మళ్లీ అవే వినాలి.

ఇక మొన్నటి ఉత్తరంలో నువ్వు అడిగినవి. మాత్రలు వేసుకుంటున్నాను. పాలు పొంగించలేదు, ఒకసారి తప్ప. పక్కింటాయనకు నిచ్చెన ఇవ్వలేదు, కాబట్టి ఆయన మాట్లాడడం లేదు, కాబట్టి ప్రాణం హాయిగా ఉంది. చివర్లో కింద గీత గీసి మరీ అడిగావు కదా, "అమ్మాయికి చెప్పారా లేదా?" అని. దానికి జవాబు ఉంది. దాని దాకా వెళ్లాలంటే కాస్త చుట్టు తిరగాలి. నేను తిన్నగా ఎక్కడికైనా వెళ్లిన మనిషినా?

పోయిన నెల అమ్మాయితో కోర్టుకు వెళ్లాను. నీకు తెలిసిందే, ఆ క్రషర్ల యజమాని, మనం రాళ్లాయన అంటామే, ఆయన తరఫువాళ్లు ఒకే వార్త మీద వేరువేరు ఊళ్లలో కేసులు పెట్టారు. రాతి దుమ్ము పీల్చి కూలీలు దగ్గి దగ్గి పోతున్నారని ఆమె రాసిన వార్తే. గెలవడం వాళ్ల ఉద్దేశం కాదు, పిల్లను బస్సుల్లో తిప్పి అలసిపోయేట్టు చెయ్యడం. పొద్దున్నే బయలుదేరి వెళ్తే, పిలిచి, వాయిదా వేసి, పొమ్మన్నారు. గుమ్మం దగ్గర జవాను నన్నడిగాడు.

"మీరేమవుతారండీ?"

"తండ్రిని."

"ఆడపిల్లని ఇలాంటివి ఎందుకు రాయనిచ్చారండీ?"

"అక్షరాలు రాయడం నేనే నేర్పాను నాయనా. ఆపడం నాకూ రాదు."

నిజమే కదా. నేను చదివిన బడి దుకాణాల బోర్డులే. రంగు డబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కి, ఎవరో గీసిచ్చిన అక్షరం మీద కుంచె పెట్టి, అది ఏ అక్షరమో కిందకి దిగాక అడిగి తెలుసుకున్నవాణ్ని. అమ్మాయి నిచ్చెన కింద కూచుని నాతోపాటే నేర్చుకుంది. నాకు మందుల షాపుల బోర్డుల దగ్గరే ఆగిపోయింది చదువు, దానికి ఆగలేదు. రాళ్లాయన మొదటి ఆఫీసు బోర్డు రాసింది కూడా నేనే, తెలుసా? పేరు ఇంకా లావుగా, ఇంకా లావుగా అంటూ మూడుసార్లు చెరిపించాడు. ఆఖరికి పేరు తప్ప వ్యాపారం రాయడానికి చోటు మిగల్లేదు.

సరే, కోర్టు. నేను ఉసూరుమంటూ బెంచీ మీద కూలబడితే మన పిల్ల ఏం చేసిందనుకున్నావు? బయట చెట్టు కింద వాయిదాలకొచ్చి కూచున్న జనం దగ్గరికి పోయి, ఒక్కొక్కరినీ పలకరించి, ఆ ఊళ్లో ఆసుపత్రి ఎందుకు మూతపడిందో మొత్తం కూపీ లాగి, తిరుగు బస్సులో ఒళ్లో కాగితాలు పెట్టుకుని వార్త రాసేసింది. వాళ్లు కసికొద్దీ ఊరూరా తిప్పుతున్నారు, ఈమె ఊరూరా వార్త పట్టుకొస్తోంది. రాళ్లాయన సొంత ఖర్చుతో మన పత్రికకు ఇన్ని ఊళ్లలో విలేకరిని పెట్టినట్టయింది. బస్సు కుదుపుల్లో రాసే ఆ పిల్ల తల చూస్తూ కూచున్నాను. పెద్ద పత్రికలో ఉద్యోగం మానేసినప్పుడు మనిద్దరం ఎంత తిట్టుకున్నాం! ఏసీ గది, నెలనెలా జీతం వదులుకుని దర్జీ కొట్టు మీది గదిలో నాలుగు పేజీల వారపత్రికా అని. ఆ బస్సులో అనుకున్నాను, మనం కన్నది మనకన్నా పెద్ద మనిషినని.

ఇప్పుడు క్షేమం సంగతి. కూచుని చదువు. కూచునే ఉన్నావా? సరే.

ఒక మధ్యాహ్నం నలుగురో అయిదుగురో ఆ గదికి వచ్చారు. కంప్యూటర్లు పగలగొట్టారు. నేను రాసిన బోర్డు పీకి పట్టుకుపోయారు. అడ్డం వెళ్తే అమ్మాయిని నెట్టేశారు. కుడి మణికట్టు ఎముక చిట్లింది. కట్టు కట్టారు, అతుక్కుంటుందన్నారు డాక్టరు. ప్రాణానికి ఏమీ లేదు. ఈ వాక్యం రెండోసారి చదువు: ప్రాణానికి ఏమీ లేదు.

నేను పరుగెత్తుకెళ్లేసరికి కింద దర్జీ పెద్ద కత్తెర పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. "అడ్డుకోవాలనే వచ్చానండీ. కత్తెర చేతిలోనే ఉంది గానీ కాళ్లు నా మాట వినలేదు" అన్నాడు. ఏడుస్తున్నాడు పాపం. పైన పిల్ల గాజుపెంకుల మధ్య కూచుని నన్ను చూసి అన్న మొదటి మాట: "ఎడం చెయ్యి బానే ఉంది నాన్నా." రెండో మాట: "అమ్మకి చెప్పకు. పెద్దమ్మ కాలు చాలు, మళ్లీ నా చెయ్యెందుకు."

అందుకే చెప్పలేదు. ఇన్నాళ్లూ ఫోన్లో పాల సంగతి, నిచ్చెన సంగతి మాట్లాడింది అందుకే.

ఆ గొడవలో ఒకటి చూశాను, అది నీకు చెప్పి తీరాలి. అమ్మాయికి ఒక పద్ధతి ఉంది కదా, ఎవరి మీద వార్త రాసినా అచ్చుకు పంపేముందు వాళ్లకే ఫోన్ చేసి "మీ మాట ఏమిటి?" అని అడగడం. చెయ్యి విరిగిన మర్నాడు కూడా ఎడం చేత్తో నంబరు నొక్కి రాళ్లాయనకు ఫోన్ చేసింది. "దుమ్ము గురించి మీ వివరణ కావాలండీ. నిన్న మా ఆఫీసు మీద పడ్డవాళ్లు మీ మనుషులని నేను రాయడం లేదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాళ్లెవరో నీకు తెలీదా?"

"తెలుసు నాన్నా. రుజువు లేదు."

"చెయ్యి విరిగింది, అది రుజువు కాదా?"

"చెయ్యి విరిగిందనడానికి రుజువు. అంతవరకే రాస్తాను."



తరవాతి దెబ్బ మెత్తగా తగిలింది. పత్రిక చివరి పేజీ అడుగున, నీకు బాగా ఇష్టమైన చోట, ఒక చిన్న గీత కింద సంపాదకురాలిగా అమ్మాయి పేరు, ఆ పక్కన ముద్రించి ప్రచురించేవారి పేరు, చిరునామా ఉంటాయి. రెండో పేరు వేరే మనిషిది కావాలి, అది లేనిదే పత్రిక బయటికి రాకూడదు, ఇదీ ఇక్కడి రూలు. ఇన్నాళ్లూ అక్కడ ప్రెస్సాయన పేరు ఉండేది. ఆయన ఇంటికి ఎవరో వచ్చి, మర్యాదగా కూచుని, పిల్లలు ఏం చదువుతున్నారని అడిగి వెళ్లారట. అంతే. ఆయన వచ్చి, "అచ్చు వేసిపెడతాను తల్లీ, పేరు మాత్రం తీసెయ్" అన్నాడు. తప్పు పట్టలేం. పిల్లలున్నవాడు.

నీ అంతకుముందు ఉత్తరం అందింది సరిగ్గా అప్పుడే. "చెప్పి చూడండి, మీ మాటైతే వింటుంది" అని. మంచి అదను కదా! చెయ్యి విరిగింది, కంప్యూటర్లు లేవు, పేరు లేదు. ఇప్పుడు చెబితే ఆపేస్తుంది అనుకుని, దారంతా మాటలు కూర్చుకుంటూ మెట్లెక్కాను.

పైన ఒకావిడ ముక్కాలి పీట మీద కూచుని ఉంది. క్రషర్లో చేసి పోయినతని భార్య. అమ్మాయి అడుగుతోంది, "పేరు మార్చి రాయమంటారా? మీకు ఇబ్బంది రావచ్చు" అని. ఆవిడ అంది కదా, "మార్చడమెందుకమ్మా? బతికినన్నాళ్లూ దుమ్ములో ఆయన మొహమే కనపడలేదు. పేరైనా కనపడనీ. ఇబ్బంది పెట్టేవాళ్లకి నా ఇల్లు తెలుసు, నాకే వాళ్ల ఇల్లు తెలీదు. అది కూడా రాయి."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడ వెళ్లాక నువ్వు చెప్పమన్నది చెప్పాను. నమ్ము, చెప్పాను. "అమ్మ ఆపేయమంది" అన్నాను. అమ్మాయి నీ ఉత్తరం చేతిలోకి తీసుకుని చదివింది. "భయంగా ఉందని రాసింది నాన్నా. చెప్పి చూడమంది. ఆపేయమని ఎక్కడా లేదే?" అంది. ఎన్నిసార్లు చూసినా లేదు. నువ్వు మరిచిపోయావో, కావాలనే రాయలేదో నీకే తెలియాలి.

అప్పుడు నా నోటి నుంచి నేను కూర్చుకోని మాట వచ్చింది. "ఆ గీత కింద నా పేరు వెయ్యి."

"నాన్నా, అది దుకాణం బోర్డు కాదు. ఆ పేరు మీద సమన్లు వస్తాయి. మనుషులు వస్తారు."

"వస్తే రానీ. ఊరందరి పేర్లూ రాశాను. నా పేరు ఎప్పుడూ బోర్డు మూలన చీమంత అక్షరాల్లోనే. ఒక్కసారి గీత కింద వెయ్యి."

"చిరునామా కూడా వెయ్యాలి. మన ఇల్లు. ఇల్లంటే నువ్వొక్కడివే కాదు, అమ్మ కూడా."

చాలాసేపు పోట్లాడుకున్నాం, దర్జీ మిషను ఆపి వినేంతగా. ఆఖరికి ఒప్పందం కుదిరింది. ఈ ఒక్క వారం నా పేరుతో. వచ్చే సంచిక అమ్మ ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే పత్రిక లేదు, గదికి తాళం. ఇది అమ్మాయి షరతు. నిన్ను అడగకుండా ఈ వారం వేయించినందుకు తప్పు నాదే, తిట్లు నాకే పంపు, దానికి కాదు.

ఇప్పుడు ముడి విప్పు. దర్జీ కొట్టు గోడ మీద నేను రాసిన పత్రిక పేరు ఫొటో మొదటి పేజీలో ఉంది. ఈసారి బోర్డు కాదు, గోడ మీదే రాశాను. బోర్డైతే పీక్కుపోతారు, గోడ పీకాలంటే దర్జీ కొట్టు కూడా పట్టుకుపోవాలి. రంగు కలిపింది మన అమ్మాయే, ఎడం చేత్తో.

నువ్వు ముందే ముడి విప్పి, కళ్లజోడు పెట్టుకుని, అడుగు గీత చదివేసి, వదినగారికి కూడా చూపించి, ఆ తరవాతే ఈ ఉత్తరం అందుకున్నావని నాకు తెలుసు. ఇంతసేపూ నన్ను చుట్టూ తిరగనిచ్చి నవ్వుకున్నావు. సరే.

జవాబు ఉత్తరం రాయకు, అందేసరికి ఆలస్యమవుతుంది. ఫోన్ చెయ్యి. వద్దనుకుంటే కుండీల గురించి అడుగు, నాకు అర్థమవుతుంది, ఇంక ఆ ఊసెత్తను. ఒప్పుకుంటే మాత్రం ఇన్నేళ్లూ పిలిచినట్టు ఏవండీ అని మొదలుపెట్టకు. చివరి పేజీలో ఉన్న నా పేరు పూర్తిగా చదివి, "ప్రచురణకర్తగారున్నారా?" అని అడుగు. గట్టిగా అడుగు. మూడో మనిషి కూడా రాసుకోవాలి కదా.

ఇట్లు,
ఫోన్ పక్కనే కుర్చీ వేసుకుని కూచున్న
నీ ఏవండీ