కవరు విప్పని వైరు

బాపూ,

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది. ఏడుపు రావడం లేదు, నిన్ను తిట్టాలనే ఉంది.

కేబుల్ నడిపే చిన్నాయన టీవీకి హెచ్‌డీ బాక్సు ఇస్తే నువ్వే బిగించుకున్నావు. బొమ్మ మసకగా వచ్చేసరికి, హెచ్‌డీ అని చెప్పి మామూలు కనెక్షన్ అంటగట్టాడని మన్నెగూడ చౌరస్తాలో సొంత తమ్ముణ్ని దొంగ అన్నావు. వచ్చి చూస్తానంటే రానివ్వలేదు. దవాఖానలో కూడా "నేను సచ్చినా వాడు నా గడప తొక్కొద్దు" అన్నావు.

ఇవాళ చిన్నాయనను నేనే పిలిచాను. నీ ఫొటోకు దండం పెట్టి, టీవీ వెనక్కి తొంగి చూశాడు. బాక్సుకు ఉన్నది మన పాత డబ్బా టీవీది, మూడు రంగుల పిన్నుల వైరు.

"నేనిచ్చిన హెచ్‌డీ వైరేది బిడ్డా?"

బీరువాలోంచి తెచ్చిచ్చాను. కవరు కూడా విప్పలేదు.

"పాతది నడుస్తుంటే కొత్తది ఖరాబు చేసుడెందుకని బాపు దాచిండు చిన్నాయనా."

వైరు మార్చాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఆయన మాత్రం టీవీ వైపు చూడలేదు.

"అన్నకు గిది జర ముందే చూపిస్తే అయిపోతుండె" అన్నాడు.

నిన్ను కడసారి చూస్తానని ఆయన వచ్చిన రోజు, నీ మాట నిలబెట్టాలని గేటుకు తాళం వేశాను. మొండితనం నీది బాపూ. తాళం వేసిన చెయ్యి నాది.