తూములో చీకటి

అక్కా,

ఇటిక్యాల నుంచి గద్వాలకు పోయే బాటలో, వాగు నీళ్లు బాట కిందుగా పోయే తూమును నిన్న మళ్లీ వేశారు. పోయిన వానాకాలం ఆ ముడతల రేకు గొట్టాల అతుకు విడిపోయి, మట్టి కొట్టుకుపోయి బాట కుంగింది. పురిటినొప్పులు పడుతున్న నిన్ను తీసుకుపోతున్న బండి అక్కడే ఆగిపోయింది. నువ్వు దవాఖాన చేరలేదు.

ఈసారి బాపు దగ్గరుండి పని చేయించాడు. రెండు గొట్టాల కొసలు ఆనించి, తారు పూసిన గోనెపట్ట చుట్టి, పైన రేకు పట్టీని ముడతలో ముడత కూర్చునేలా వేసి బోల్టులు బిగించారు. అతుకులో సందుంటే వెలుగు కనిపిస్తుంది కాబట్టి, మట్టి కప్పేముందు లోపలి నుంచి చూడాలి. సన్నగా ఉన్నానని నేనే దూరాను.

"ఏమే, సిస్టరమ్మల బడిల గిదే నేర్పిండ్రా?" అని నేను చదివే కాన్వెంటును గుర్తుచేస్తూ బండి తోలే ఎల్లయ్య మామ నవ్వాడు.

అతుకు పక్కన దారమంత వెలుగు కనిపించింది. నలుగురిలో నా గొంతు పెగలదని నీకు తెలుసు. అయినా అరిచాను.

"బాపూ, ఎలుగొస్తుంది!"

బాపు బోల్టులు వదులు చేయించి, పట్టీ సర్దించి, మళ్లీ బిగింపజేశాడు.

"ఇప్పుడు బిడ్డా?"

"చీకటే బాపూ."

"జర మంచిగ సూడు."

"అంతా చీకటే."

అప్పుడు మట్టి వేయించాడు. సాయంత్రం అందరికంటే ముందు ఎల్లయ్య మామ బండి దాటింది. ఆ రోజు నిన్ను ఎక్కించుకున్నదీ ఆ బండే.