ఓసరీ వాటాలు

ఆల్థాన్, సూరత్
20 జూన్ 2021, ఆదివారం

ప్రియమైన ఊర్మిళకు,

ప్రమీల ప్రేమతో రాస్తున్నది. మేమంతా క్షేమమని మొదటి వాక్యంలోనే రాసేయడం ఈ మధ్య మానేశాను. ఉత్తరం నీకు చేరేలోపు ఆ మాట అబద్ధమైపోతుందేమోనని భయం. ఈ పూట వరకు క్షేమం. నువ్వూ పాపా కూడా ఈ పూటకు క్షేమమనే అనుకుంటున్నాను.

ఫోన్ చేస్తే తేలిపోయేదానికి ఉత్తరమెందుకని నవ్వుకుంటావేమో. మా ఆయనే రాయమన్నారు. ఫోన్‌లో చెప్పిన మాట ఫోన్ పెట్టేయగానే పోతుందట, రాసి పంపితే నువ్వు మళ్ళీ మళ్ళీ చదువుకుని ఆలోచించుకుంటావట. వరంగల్ హాస్టల్ నుంచి సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు మనం రాసుకున్న పొడుగు పొడుగు ఉత్తరాల సంగతి ఎప్పుడో నేనే ఆయనతో చెప్పాను. ఇన్నాళ్ళు గుర్తుపెట్టుకున్నారు చూడు.

నువ్వు అడిగినదానికి వస్తాను. అందరి చేతుల్లో ఫోన్లున్న ఈ రోజుల్లో పత్రికలు వేసే కంపెనీ వాటాలు కొనడం తెలివైన పనేనా అని అడిగావు. మీ ఆయన రఘుపతన్న మంచి మనిషే, ఆయన చెప్పినాక నమ్మాలనే ఉంది, కానీ నువ్వొక మాట చెప్పు అన్నావు. అది మీ ఆయన పరుశురామన్న పోయాక వచ్చిన బీమా డబ్బు. మీ బడివాళ్ళు జీతం ఆపేశాక నీకూ పాపకూ అదొక్కటే ఆధారం. అందుకే తొందరపడి రాయడం లేదు.

పత్రిక పేరు ఓసరీ. గుజరాతీలో ఆ మాటకు మన వసారా అని అర్థం. చాలా ఏళ్ళుగా వస్తున్న వారపత్రిక. వంటలు, సీరియల్ కథ, రాశిఫలాలు, పెళ్ళి సంబంధాలు. ఇక్కడి ఆడవాళ్ళు మధ్యాహ్నం నడుం వాల్చి చదువుకునేది. నేను గుజరాతీ చదవడం నేర్చుకున్నదే దాని వంటల పేజీ మీద. ఆ కంపెనీ వాటాలు ఇంకా మార్కెట్లోకి రాలేదు. దీపావళికి వస్తాయని, ఈలోపు తెలిసినవాళ్ళ ద్వారా కొనుక్కుంటే చవకని చెబుతున్నారు. ఈ ఊళ్ళో అది కొత్తేమీ కాదు. మా పక్కింటి భాభీ కూరగాయల బండి దగ్గర కొత్తిమీర బేరమాడుతూనే ఏ వాటా పెరిగిందో చెప్పేస్తుంది. మొన్న నన్ను పట్టుకుని, అంత పెద్ద చదువు చదివి డబ్బును బ్యాంకులో జోకొట్టి పడుకోబెడతావేం ప్రమీలాబెన్ అని ఎగతాళి చేసింది.

నాకు అనుమానాలు లేకపోలేదు. ప్రమీలకు దేవుడు ఎదురొచ్చినా ఆధార్ కార్డు అడుగుతుందని మా ఆయన అందరితో అంటుంటారు, నీకు తెలుసు కదా. వంటలు యూట్యూబులో ఉన్నాయి. సంబంధాలకు వెబ్‌సైట్లున్నాయి. కథలు ఎవరు చదువుతున్నారు? కిందటేడు లాక్‌డౌన్‌లో కాగితం మీద వైరస్ ఉంటుందని మా సొసైటీ గేటు దగ్గరే పత్రికలు ఆపేశారు. మళ్ళీ రానిచ్చినా చాలామంది వేయించుకోలేదు. మరి ఓసరీని ఎవరు కొంటున్నారని ఆయన్ని అడిగాను. మర్నాడు స్కూటర్ మీద ఎక్కించుకుని వాళ్ళ ప్రెస్సుకే తీసుకెళ్ళారు.

యజమాని హస్ముఖ్‌భాయ్ మర్యాదస్తుడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని మాట్లాడతాడు. ఇంటర్నెట్ మా దగ్గరున్నవన్నీ ఎత్తుకుపోయింది బెన్, ఒక్కటి మాత్రం ఎత్తుకుపోలేకపోయింది అంటూ ఏప్రిల్, మే పత్రికలు తెచ్చి బల్ల మీద పరిచాడు. వాటిలో వంటలు లేవు. కథ లేదు. ఏ పేజీ తిప్పినా ఫోటోలే. దండలు వేసిన ఫోటోలు.

ఇక్కడ ఎవరైనా పోతే బేస్ణు పెడతారు. ఇంటివాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని ఒకచోట కూర్చుంటారు, వచ్చినవాళ్ళు చేతులు జోడించి, కాసేపు కూర్చుని వెళ్ళిపోతారు. మనలాగా మీద పడి ఏడవడాలుండవు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఫోటోతో సహా పత్రికలో వేయిస్తారు. కరోనా వచ్చి గుమిగూడొద్దన్నాక టెలిఫోనిక్ బేస్ణు మొదలైంది. ప్రకటనలో ఒక ఫోన్ నంబరు, ఫోన్ చేయాల్సిన వేళ ఇస్తారు. ఆ వేళకు ఫోన్ చేసి రెండు మాటలు చెప్పాలి. ఆ మాత్రం దానికి వాట్సాప్ చాలదా అని నేనడిగాను. ఫోన్లో వచ్చిన చావు సాయంత్రానికల్లా కిందికి జారిపోతుంది బెన్, అచ్చులో వచ్చినదాన్ని కత్తిరించి దేవుడి గదిలో పెట్టుకుంటారు అన్నాడు హస్ముఖ్‌భాయ్.

విన్నావా అన్నట్టు మా ఆయన నా వైపు చూశారు. ఓసరీకి ఇంత ఆదాయం పుట్టినప్పటి నుంచీ రాలేదట. నేను పేజీలు తిప్పుతూ ఉన్నాను. ఒకచోట మా వీధి మూల మందుల దుకాణం కాకా కనిపించాడు. ఆయన పోయాడని నాకు తెలియదు. మూసిన షట్టర్ చూసి, ఈయన ఇంకా దుకాణం తీయడేం అని ముందురోజే విసుక్కున్నాను.

మనవాళ్ళు కూడా వేయిస్తున్నారని మా ఆయన అంటారు. అదీ నిజమే. మన తెలుగువాళ్ళుండే పర్వత్ పాటియాలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని కదా, అక్కడి వెంకటవ్వ కిందటి నెలలో నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త లస్మయ్య సాంచెల మీద బట్ట నేసేవాడు. ఆస్పత్రికి పోయినవాడు తిరిగి రాలేదు. ఏంది ప్రమీలమ్మా, సేట్లు సచ్చిపోతే పేపర్ల ఫోటువ ఏస్తరు, ఆళ్ళ సాంచెలు నడిపి నడిపి నా మొగడు సచ్చిపోతే జరంత జాగ దొర్కదా అన్నది. ఊరి నుంచి ఎవరూ రాలేని రోజులు. పేపర్ల చూసి ఫోన్లన్నా చేస్తరు గదా అని ఆమె ఆశ. గుజరాతీలో ప్రకటన నేనే రాసిపెట్టాను.

ప్రకటనలో ఫోన్ చేయమన్న రోజు నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. వెంకటవ్వ స్నానం చేసి, సేట్ల ఇండ్లల్లో చూసినట్టే తెల్లచీర కట్టుకుని, లస్మయ్య ఫోన్ చాప మీద పెట్టుకుని కూర్చుంది. మనవాళ్ళలో గుజరాతీ చదివేది ఎంతమంది? ఓసరీ కొనేది ఎవరు? ఆ సంగతి ఆమెకు తోచలేదు. చదువుకున్న నాకూ తోచలేదు ఊర్మిళా. ఫోన్ ఒక్కసారి మోగింది. రీఛార్జి అయిపోతున్నదని చెప్పే రికార్డింగు. వెంకటవ్వ దాన్ని చివరిదాకా విన్నది. తర్వాత, సిగ్నల్ అస్తలేనట్టున్నది, జర సూడు బిడ్డా అని ఫోన్ నా చేతికిచ్చింది. సిగ్నల్ నిండుగా ఉంది.

ఫోన్లు వచ్చాయా రాలేదా అన్నది మనకెందుకు, ప్రకటన డబ్బు వచ్చింది, కంపెనీకి అంతవరకే సంబంధం అంటారు మా ఆయన. వినడానికి కటువుగా ఉంది కానీ వాటా కొనేవాళ్ళు చూడాల్సింది అదేనేమో. మరి రేపు జబ్బు తగ్గిపోతే ఎలా అనీ అడిగాను. దానికీ ఆయన దగ్గర జవాబుంది. ఒకసారి ఫోటో వేయించిన ఇల్లు ఏడాది తిరిగేసరికి పుణ్యతిథికి మళ్ళీ వేయిస్తుంది, ఆ పై ఏడాది మళ్ళీ. పోయినవాళ్ళంతా ఓసరీకి చందాదారుల కింద లెక్కట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. చాలా నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

ఏప్రిల్‌లో ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచీ ఆయన బాగా మెత్తబడ్డారు. గొంతు పెంచి మాట్లాడటమే లేదు. ఇప్పుడూ నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. టీ పెట్టి ఇచ్చారు. రాస్తూ రాస్తూ తాగడం మర్చిపోతే, చల్లారిందని తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చారు. పెళ్ళైనప్పటి నుంచీ ఎన్నడూ లేనిది. కాలవ రోడ్డు మీద అంబులెన్స్ కూత వినిపిస్తే మాత్రం, అది దూరమయ్యేదాకా కిటికీ దగ్గరే నిలబడతారు.

అన్నీ కూడి చూస్తే, ఈ నెలలోపే తీసుకోవడం నీకు మంచిదని అనిపిస్తోంది. సంతకాలు పెట్టాల్సిన కాగితాలు విడిగా కొరియర్‌లో వస్తాయి. గుర్తుపెట్టిన చోట్ల పెట్టి తిరిగి పంపితే చాలు. పాపకు నా ముద్దులు. బయటికి వెళ్తే మాస్కు తీయకు.

ఎప్పటికీ నీ మేలు కోరే,
ప్రమీల

తా.క. సోమవారం, పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఆయన డ్యూటీకి హజీరా బస్సెక్కాక బయటికొచ్చాను. కవరు రాత్రే ఆయన తన చేత్తో అంటించారు. దాన్ని చింపి కొత్తది కొన్నాను.

పైన నువ్వు చదివింది నేను మొదట రాసిన ఉత్తరం కాదు. నీ అనుమానాలన్నీ రాయి, అనుమానం లేకుండా నువ్వు రాస్తే ఊర్మిళ నమ్మదు అని ఆయనే కూర్చోబెట్టి రాయించారు. రాశాక చదివి, తన దగ్గర జవాబున్న అనుమానాలు ఉంచారు, జవాబు లేనివి కొట్టేశారు. మళ్ళీ శుభ్రంగా రాయించారు. వెంకటవ్వ సంగతి తీసేయమంటారనుకున్నాను. అది ఉండనీ, మనసున్న మనిషి రాసినట్టుంటుంది అన్నారు.

కొట్టేసినవి చెబుతాను. నీకు వాటాలు అమ్ముతున్నది కంపెనీ కాదు, మేము. హజీరాలో జీతం సగం చేశాక, ఈ ఇల్లు కుదువబెట్టి కిందటి నెలలో నా పేరు మీద కొన్నారు. దీపావళికి మార్కెట్లోకి వస్తాయన్నది హస్ముఖ్‌భాయ్ నోటిమాట తప్ప ఎక్కడా ఆధారం లేదు. మేం ప్రెస్సుకు వెళ్ళిన రోజు ఆ వారం పత్రిక కూడా బల్ల మీదే ఉంది. దండల ఫోటోలు ఒక్క పేజీకి తగ్గిపోయాయి. మిగతా అంతా పాత వంటలే మళ్ళీ వేశారు. నేను దాన్ని చూడటం చూసి హస్ముఖ్‌భాయ్ మా ఆయన్ని పక్కకు పిలిచాడు. గాబరా పడకండి రఘుపతిభాయ్, మూడో వేవ్ వస్తుందంటున్నారు కదా అని ఓదార్చాడు. మా ఆయన తలూపారు. ఆక్సిజన్ పెట్టుకుని పడుకుని, పక్క మంచాలు ఖాళీ అవడం కళ్ళారా చూసి వచ్చిన మనిషి, తలూపారు.

అప్పటి నుంచీ పొద్దున లేవగానే కేసులెన్నో చూస్తారు. తగ్గాయంటే ఆ పూట ఎవరితోనూ మాట్లాడరు. చెడ్డవాడని రాయలేను. భయపడ్డాడు. ఇప్పుడు నేనూ చూస్తున్నాను. ఈ పొద్దున బాగా తగ్గాయని చదివి నా గుండె జారిపోయింది. ఎందుకు జారిందో కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాకే కవరు చింపాను.

సంతకం పెట్టకు. కాగితాలు వస్తే కాల్చెయ్. ఆయన ఫోన్ చేస్తే ఉత్తరం అందింది, ఇంకా ఆలోచిస్తున్నానని మాత్రం చెప్పు. నాకు జవాబు రాయకు, మా ఇంటికి వచ్చే ఉత్తరాలు ఆయనే విప్పుతారు. నువ్వు కాదంటే ఈ ఇల్లు మాకు మిగలదు, నాకు తెలుసు. నువ్వు సరేనంటే, రేపటి నుంచి పొద్దున్నే లేచి కేసులు పెరిగాయా అని చూసేవాళ్ళలో నువ్వూ ఒకదానివవుతావు. అదీ పరుశురామన్న డబ్బుతో.