పెదనాన్న బరువు మోసిన రెయిలింగ్

నాకు మతి చెడిందని మా ఇంట్లో అందరూ ఒక్కమాట మీదికి వచ్చారు కాబట్టి, మొట్టమొదట రాయవలసింది ఇదే: ఈ వీలునామాను నేను పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాస్తున్నాను. లెక్కల ఆఫీసులో ఉద్యోగం నేనే మానేశాను, వాళ్ళు తీసేయలేదు. ఆ రోజు తలుపేసుకుని పడుకున్నది ఏడవడానికి కాదు, నిద్రపోవడానికి. ఆ నిద్రను దిగులనుకున్నారు. తర్వాత వెల్డింగ్ మిషన్ కొంటే, "ఉద్యోగం పోయిన కసి ఇనుము మీద తీర్చుకుంటోంది" అని అన్నయ్య తేల్చేశాడు. నేను కొన్నది మెట్ల రెయిలింగ్ కోసం. అందరికీ చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు.

ఈ వయసులో వీలునామా ఏమిటంటే, అది మా పెదనాన్న సలహా. ఆయన జీవితమంతా దస్తావేజులు రాసిన మనిషి. నేను మిషన్ పెట్టె విప్పుతుంటే, "ముందు వీలునామా రాసి సంతకం పెట్టు, తర్వాత దాన్ని ముట్టుకో" అన్నారు. వరుస మారింది. ముందు ముట్టుకున్నాను, బతికున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత ఆయనదే. నోరు జారినందుకు ఆ మాత్రం శిక్ష ఉండాలి.

1. మా ఇంటి బయటి ఇనుప మెట్ల రెయిలింగ్‌కు నేను వేసిన అతుకులు మా నాయనమ్మకు చెందుతాయి. ఇల్లు నాది కాదు గనుక రెయిలింగ్ రాసిచ్చే హక్కు నాకు లేదని పెదనాన్న అభ్యంతరం. సరే, అతుకులు నావే కదా. నాయనమ్మ గది మేడ మీద. రెయిలింగ్ అడుగు స్తంభం ఊడి, దాన్ని నైలాన్ తాడుతో కట్టి, అందరూ ఆ తాడుకు అలవాటుపడిపోయారు. నాయనమ్మ మాత్రం దిగడం మానేసింది. అడిగితే, "కింద ఏముందే, మీ గొడవలేగా" అనేది. అంటూనే పై మెట్టు మీద కూర్చుని వీధిలోకి మెడ సాచేది. బాగుచేస్తానంటే పెదనాన్న షరతు పెట్టారు: "నా బరువు ఆగితే నీ ఇష్టం. ఆగకపోతే మిషన్ అమ్మేసి సోమవారం ఆఫీసుకు పో." ఆఫీసువాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారని అన్నయ్య అప్పటికే కబురు తెచ్చి ఉన్నాడు.

2. వెల్డింగ్ మిషన్, తీగచుట్ట, మాస్కు నా తదనంతరం చెల్లెలికి. దుకాణదారు నాకు మొదట చూపించింది బీరువా అంత మిషన్. అది మన ఇంటి కరెంటుకు తూగదు. నీళ్ళ మోటారు పెట్టే లావు ప్లగ్గుకు సరిపోయేదే అడిగి తీసుకున్నాను. గ్యాస్ సిలిండర్ వద్దన్నాను, మన పెరట్లో గాలికి ఆ గ్యాస్ నిలవదు. లోపల పొడి నింపిన తీగ వాడితే గ్యాస్ అక్కర్లేదు. అతుకు మీద పెంకు కడుతుంది, సుత్తితో తట్టి రాల్చేయాలి. ఇక షరతులు. తీగను తోసే చక్రం గాడి తీగ లావుకు సరిపోవాలి. చక్రాన్ని మరీ బిగిస్తే తీగ నలిగి, లోపలే దారపుండలా చిక్కుపడుతుంది. వదులుగా పెడితే చక్రం తిరుగుతుంది, తీగ కదలదు. ఎర్త్ వైరు చివరి క్లాంప్‌ను రంగు గీకిన ఇనుముకే పట్టించాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడకూడదు. జింకు పూత ఉన్న పైపు ముట్టకూడదు, ఆ పొగకు జ్వరం వస్తుంది. నూలు బట్టలే వేసుకోవాలి. చెల్లీ, నీకిష్టమైన ఆ జారుడు చున్నీ వేసుకుని మిషన్ దగ్గరికి వస్తే ఈ క్లాజు రద్దు.

3. మొదటిసారి ఊడిపోయిన అతుకు ముక్క పెదనాన్నకు, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి. ఆయన గోడ మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో రెయిలింగ్‌ను ఇలా నొక్కారో లేదో, స్తంభం చేతిలోకి వచ్చేసింది. చూస్తే అతుకు ఇనుములోకి దిగనేలేదు, చూయింగ్ గమ్‌లా పైపైన అంటుకుని ఉంది. చుట్టూ ఆవాలు చల్లినట్టు రవ్వలు. అన్నయ్య నవ్వలేదు. "ఆఫీసు బట్టలు ఇస్త్రీకి వెయ్యనా?" అని అడిగాడు. అందుకుగాను అతనికి ఈ వీలునామాలో పనికొచ్చేది ఇస్త్రీ పెట్టె తప్ప ఏమీ లేదు. అదీ పాతదే.

4. తోలు గ్లౌజులు అమ్మకు, పొయ్యి మీది గిన్నెలు దించుకోవడానికి. అమ్మ మందుల దుకాణంలో పనిచేసింది. ఇంట్లో డబ్బాలకు, స్విచ్చులకు, చివరికి చీపురుకు కూడా చీటీ అంటిస్తుంది. నా మిషన్‌కూ అంటించింది: "తడి చేత్తో ముట్టరాదు." పైన అంటిస్తే పీకేస్తానని మూత లోపల అంటించింది. అతుకు ఊడిన మర్నాడు తీగ సర్దుతుంటే ఆ చీటీ అంచు లేచి కనిపించింది. లాగితే దాని కింద కంపెనీవాళ్ళు అచ్చువేసిన బొమ్మ: గ్యాస్‌తో అయితే తీగ బయటికొచ్చే గన్ ప్లస్‌కు, గ్యాస్ లేని తీగతో అయితే గన్ మైనస్‌కు, క్లాంప్ ప్లస్‌కు. మిషన్ గ్యాస్ పద్ధతిలో బిగించి వచ్చింది. నేను తీగ మార్చాను, ఆ రెండు వైర్ల కొనలు మార్చలేదు. చదువుకున్నదాన్ని, బొమ్మ కనిపిస్తే చూసేదాన్నే. అమ్మ చీటీ చూసి, "తడి చేత్తో ముట్టుకోలేదుగా, ఆ మేరకు పనిచేసింది" అంది. నాకు కోపం రావలసింది. గుండెల మీంచి బండ దిగినట్టయింది. తప్పు నా చేతుల్లో లేదు, రెండు కొనల్లో ఉంది. కొనలు మార్చాను. చిటపటలు తగ్గి, నూనెలో పోపు సన్నగా వేగుతున్న చప్పుడు వచ్చింది. అతుకు పట్టిందని అప్పుడే తెలిసిపోయింది.

సోమవారం ఇంకా రాలేదు గనుక షరతు గడువు తీరలేదని వాదించి మళ్ళీ పరీక్షకు పిలిచాను. రెండోసారి పెదనాన్న గోడ వదిలేశారు. రెండు చేతులా పట్టుకుని వేలాడినంత పని చేశారు. రెయిలింగ్ కిక్కురుమనలేదు. "ఊ" అన్నారు. దస్తావేజుకు పేజీలకు పేజీలు రాసే మనిషి ఒక్క అక్షరంతో సరిపెట్టారు. నాయనమ్మ ఎవరినీ పిలవకుండా దిగి వచ్చి, "గరుగ్గా ఉందే, చెయ్యి గీసుకుంటోంది" అని వంక పెట్టి, అలాగే గేటు దాటి వీధిలోకి వెళ్ళిపోయింది. ఆ గరుకు అదే పూట అరగదీశాను.

5. ఆఫీసు గుర్తింపు కార్డు తాడు అన్నయ్యకు. నైలాన్ తాడు ఇక అక్కర్లేదు కాబట్టి అదీ అతనికే. "రెయిలింగ్ ముచ్చట తీరిందిగా, ఇక ఉద్యోగం చూసుకో" అన్నాడు నిన్న. ఆస్తి అందుకునేవాళ్ళు సాక్షులుగా ఉండకూడదని పెదనాన్న అన్నారు. అందుకే ఏమీ ఇవ్వనివాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తున్నాను.

6. వీధి చివర మూతపడిన సైకిల్ షాపు షెడ్డు నేను అద్దెకు తీసుకున్నాను. సోమవారం ఆఫీసుకు వెళ్ళను. షెడ్డు తెరుస్తాను.

ఈ నెల పద్నాలుగో తేదీ, ఆదివారం, భోజనాలయ్యాక.

సంతకం: ఇంట్లో అందరూ తూనీగ అని పిలిచే నేను

సాక్షులు:
ఎదురింటి టైలరమ్మ
మిషన్ అమ్మిన దుకాణదారు